ముందు బ్రేకు తీగ

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి డిటెక్టివ్ సార్జెంట్ మార్గో ట్రెలోర్, మర్టిల్ ఫ్లాట్ ఊరి ఫైరింజను షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన సైకిలును మూడోసారి పరీక్షిస్తోంది. లాన్సెస్టన్ నగరం నుంచి ఆమె వచ్చి మూడు రోజులైంది. ఈ ఊళ్ళో పోలీసు స్టేషనంటే ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. సాక్ష్యం పెట్టడానికి చోటు లేక ఫైరింజను పక్కన టార్పాలిన్ పరిచి దాని మీద పెట్టారు.

కొండ దారుల్లో తొక్కడానికి 1987లో ఈ ఊళ్ళోనే చేత్తో చేసిన ఉక్కు సైకిలు అది. ముప్పై ఆరేళ్ళపాటు ఎవరి గొడ్లపాకలోనో నల్లరంగు పూతకింద తుప్పుపట్టి పడి ఉంది. గ్వెండా పాస్క్ అనే ఆమె దాన్ని ఆరు వారాలు కూర్చుని బాగుచేసింది. నల్లరంగు గీకి, అసలు ఆకుపచ్చ రంగు మళ్ళీ వేసి, మొదటిరోజు ఎలా ఉండేదో అలా చేసి సోమవారం సాయంత్రం నాలుగింటికి రెక్స్ హాలమ్ చేతిలో పెట్టింది. కొండ మీదికి సైకిళ్ళను వ్యానుల్లో చేరవేసే వ్యాపారం రెక్స్‌ది. అరవై మూడేళ్ళ మనిషి. మంగళవారం పొద్దున్న ఆరూ యాభైకి దాని మీద ఒక్కడే కొండ దిగడం మొదలుపెట్టాడు. ఏడూ అయిదు ప్రాంతాల పెద్ద రాతిమెట్టు దగ్గర హ్యాండిలు ఊడి చేతిలోకొచ్చింది. ఏడూ నలభైకి ఆ దారిన వచ్చిన ఇద్దరు చూసేసరికి మెడ విరిగి చచ్చిపడి ఉన్నాడు.

ప్రమాదం కాదని మొదటి గంటలోనే తేలిపోయింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి పైన ఒక గొట్టం ఉంటుంది. అది ఫ్రేములోంచి పైకి వెళ్ళి హ్యాండిల్‌ని మోస్తుంది. మెకానిక్కులు దాన్ని ఫోర్కు మెడ అంటారు. ఆ మెడని ఎవరో రంపంతో మూడింట రెండొంతులు కోసి, కోత బయటికి కనబడకుండా మళ్ళీ బిగించారు. మిగిలిన ఒక వంతు రాతిమెట్టు మీది దెబ్బకి చిరిగిపోయింది.

మార్గో ఇవాళ చూస్తున్నది మాత్రం కోతని కాదు, బ్రేకు తీగల్ని. బ్రేకు తీగని బిగించాక మిగిలిన కొస పోగులుపోగులుగా విడిపోకుండా ఎవరి పద్ధతిలో వాళ్ళు కట్టుకుంటారు. వెనక బ్రేకు తీగ కొసన మెరిసే టంకం చుక్క ఉంది, చిన్న ముత్యమంత. ముందు బ్రేకు తీగ కొసన టంకం లేదు. మూడు పోగుల్ని వెనక్కి మడిచి, జడ అల్లినట్టు అల్లి, లోపలికి దోపారు.

పాత సైకిళ్ళలో ముందు బ్రేకు తీగ హ్యాండిలు కాడలోంచి కిందికి దిగుతుంది. ఫోర్కుని బయటికి లాగాలంటే ముందు ఆ తీగ విప్పాలి. అంటే మెడ కోసినవాడు తీగని విప్పాడు, పని అయ్యాక మళ్ళీ కట్టాడు. చేతికి అలవాటైన ముడి, ఆలోచించకుండా వేసేశాడు.

మార్గో లేచి మోకాళ్ళు దులుపుకుని, ఆ రెండు కొసలనీ దగ్గర్నుంచి ఫోటో తీసింది.

* * *

పదింపావుకి గ్వెండా పాస్క్ స్టేషను గదిలో కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి జుట్టు, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఎవరో పిలిస్తే రాలేదు, తనే వచ్చింది. అడగకముందే జేబులోంచి చేతిరుమాలు తీసి బల్ల మీద విప్పింది. అందులో వేలెడంత తుప్పు గొట్టం ముక్క ఉంది.

ఆమె కథ ఊరంతటికీ తెలుసు. మార్గో కూడా మూడు రోజుల్లో నలుగురి నోట విన్నది. ఆ ఆకుపచ్చ సైకిలు గ్వెండా అన్న డెన్‌జిల్‌ది. ఫ్రేముకి అతుకులు వేసింది గ్వెండాయే, అప్పుడామెకి ఇరవై ఒక్కటి. 1988 నవంబరులో కొండ పందెంలో అందరికన్నా ముందున్న డెన్‌జిల్ హ్యాండిలు ఊడి లోయలో పడి చచ్చిపోయాడు. విచారణలో రెక్స్ హాలమ్ నిలబడి, తను వెనకే ఉన్నానని, అతుకు ఊడిపోవడం కళ్ళారా చూశానని చెప్పాడు. విరిగిన ముక్క ఫ్రేములోనే ఇరుక్కుపోయింది. దాన్ని లాగి చూసిన నాథుడు లేడు. చెల్లెలి అతుకే అన్నని చంపిందని కాగితం మీద రాసి చేతులు దులుపుకున్నారు. ఆ రోజునుంచి ఊళ్ళో ఆమె పేరు అతుకుల గ్వెండా. పదేళ్ళపాటు ఒక్కరూ సైకిలు తెచ్చి ఆమె ముందు పెట్టలేదు.

"ఇది ఆ ముక్కేనా?" అని అడిగింది మార్గో.

"అదే. వేడిచేసి, నూనె పోసి, నాలుగు రోజులు తిప్పలు పడితే ఊడొచ్చింది. చూడు. సగం చిరిగింది, సగం నున్నగా ఉంది. నున్నటి వైపు రంపపు పళ్ళు కనబడుతున్నాయి. నా అతుకు ఊడలేదు. అది ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు."

"ఎప్పుడు దొరికింది?"

"మూడు వారాలయింది."

"మరి పోలీసులకి చెప్పలేదేం?"

గ్వెండా నవ్వలేదు గానీ నవ్వు లాంటిదేదో పెదవి చివర కదిలింది. "ఎనభై ఎనిమిదిలో చెప్పాను కదా, నా అతుకు ఊడదని. అప్పుడు మీవాళ్ళు నాకు గ్లాసుడు మంచినీళ్ళిచ్చి ఇంటికి పంపారు. మళ్ళీ దాహం వేస్తే చూద్దామనుకున్నా."

ఆ గొడ్లపాక సామాను వేలంలో సైకిలుని గుర్తుపట్టి కొన్నది రెక్సే. దాన్ని తెచ్చి, డెన్‌జిల్ పేరున ఏదైనా చెయ్యాలని ఉందంటూ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మొహం మీదే తలుపు వేసింది. మూడోసారి వచ్చినప్పుడు తీసింది. ముక్క బయటపడ్డ రోజున అతన్ని పిలిపించి చూపించింది.

"అతన్ని చంపాలనిపించలేదా?" మార్గో సూటిగా అడిగింది.

"ముప్పై ఆరేళ్ళు అనిపించింది. రాత్రి పడుకునేముందు అదే నా ప్రార్థన." గ్వెండా గొంతులో తడి లేదు. "ముక్క చూశాక ఆ మనిషి నా షెడ్డు నేల మీద కూలబడి ఏడ్చాడు. చూడనిది చూశానన్నాను, అందరూ అతుకనే అంటుంటే నేనూ అతుకే అన్నాను అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వాడి మీద కోపం పోయింది. పోవడమంటే, వాడి మీంచి పోయింది. అసలువాడి కోసం అట్టే పెట్టుకున్నా."

"ఎవరా అసలువాడు?"

"అది తెలిస్తే నేనిక్కడ కూర్చుంటానా, సార్జెంటూ?"

రెక్స్ పోలీసుల దగ్గరికి వెళ్ళేముందు ఒక పెద్దమనిషిని సలహా అడుగుతానన్నాడట. ఆ పెద్దమనిషి ఎవరో ఆమెకు చెప్పలేదట. సోమవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా రెక్స్ కూతురితో కలిసి పబ్బులో భోంచేస్తున్నాడు. సైకిలు పెట్టిన అతని గ్యారేజీకి తాళం ఉండదు. ఆ సమయంలో గ్వెండా ఎక్కడుందని అడిగితే, షెడ్డులో ఒంటరిగా ఉన్నానని, సాక్ష్యానికి కుక్క తప్ప ఎవరూ లేరని చెప్పింది.

అప్పుడు మార్గో ఫోన్ తీసి, ముందు బ్రేకు తీగ కొసని పెద్దది చేసి ఆమె ముందు పెట్టింది.

గ్వెండా ఫోన్ ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వంగి చూసింది. గోడ గడియారంలో నిమిషం ముల్లు ఒకసారి కదిలింది, ఇంకోసారి కదిలింది. ఆమె మెడ మీది నరం కొట్టుకోవడం మార్గోకి కనబడింది. భయపడుతోంది అనుకుంది.

"నా పని కాదు. నేను టంకం పెడతాను," అంది చివరికి.

"ఎవరి పని?"

"ఈ ఊళ్ళో సగం మంది ఎవరి సైకిలు వాళ్ళే విప్పుకుంటారు. నాకేం తెలుసు?" అని కుర్చీలో వెనక్కి వాలింది. తనని ఎంతసేపు ఉంచుతారని అడిగింది. ఇవాళ ఒకరికి ఇవ్వాల్సిన సైకిలు ఉందట.

* * *

పన్నెండింటికి హోబార్ట్‌లోని ప్రధాన కార్యాలయం నుంచి ఇన్‌స్పెక్టర్ లాక్లన్ ఫెయిర్‌బర్న్ దిగాడు. ఎనిమిదేళ్ళ క్రితం అతను మార్గో కింద పనిచేశాడు. ఆమె పదకొండు నెలలు తవ్విన కేసులో ఆఖరి రోజున పేపరువాళ్ళ ముందు నిలబడి, మొత్తం తనే తవ్వినట్టు మాట్లాడి, దాంతో ప్రమోషను కొట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో ఉండటం ఇదే మొదలు.

"ఏం మార్గో, ఇంకా తీగలు లెక్కపెడుతున్నావా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కోసిన సైకిలు ఆవిడ చేతిలోంచే వచ్చింది. ఆ ఫోర్కు విప్పడానికి కావలసిన పాత కొలత పానా ఆవిడ దగ్గరుంది. చచ్చినవాడు ఆవిడ బతుకు బుగ్గి చేసినవాడు. ఇంకా ఏం కావాలి నీకు, దస్తూరీతో ఉత్తరమా?"

ఉత్తరమే దొరికిందని చెప్పి మార్గో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. గ్వెండా కట్టిన కొస ఇది, హంతకుడు కట్టిన కొస ఇది. గ్వెండాయే కోసి ఉంటే మళ్ళీ టంకమే పెట్టేది అంది.

"మనల్ని తప్పుదారి పట్టించడానికి వేరేగా కట్టింది."

"తప్పుదారి పట్టించేదైతే, చూపించగానే ఇది ఫలానావాడి ముడి అని పేరు చెప్పేది కదా. చెప్పలేదు."

"చెప్పకపోవడమే తప్పు ఒప్పుకోవడం. నువ్వు మారలేదు మార్గో. దొంగ ఎదురుగా కూర్చుంటే బల్లకింద వెతుకుతావు."

"నువ్వూ మారలేదు లాక్లన్. ఇంకొకరు వండిందాన్ని వడ్డించుకోవడం తప్ప నీకు ఇంకోటి చేతకాదు." ఆమె గొంతు పెంచలేదు. "ఆవిడ మీద కేసు పెట్టాలంటే పెట్టు, కాగితం మీద నీ పేరు రాయి. ఈ రెండు ఫోటోలూ ఆవిడ లాయరుకి నేనే ఇస్తాను. కోర్టులో నిన్ను నిలబెట్టి తీగలు లెక్కపెట్టిస్తాడు."

ఫెయిర్‌బర్న్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. సాయంత్రం అయిదు దాకా గడువిస్తానని, ఆ లోపల పేరు దొరక్కపోతే గ్వెండాని తనే పట్టుకెళతానని చెప్పాడు. అలా పన్నెండూ నలభైకి గ్వెండా స్టేషను మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె నడకలో తొందర లేదు. కిటికీలోంచి చూస్తున్న మార్గోకి ఫెయిర్‌బర్న్ మీద గెలిచానన్న తృప్తి పట్టలేనంత కలిగింది. ఎనిమిదేళ్ళ నాటి పగ కొంచెమైనా తీర్చుకున్నానని మాంసం కూరిన రొట్టె ఒకటి కొనుక్కుని, కారు బానెట్ మీద పెట్టుకుని తింది. అలా తింటూ పోగొట్టుకున్న ఇరవై నిమిషాలకి గాను తర్వాతెప్పటికీ ఆమె తనని తాను క్షమించుకోలేకపోయింది.

* * *

ఊళ్ళో అందరికన్నా పాత మెకానిక్కు ఆల్విన్ స్ట్రౌడ్. డెబ్బై అయిదేళ్ళ బక్కపల్చటి మనిషి, కొండ దారుల సంఘానికి అధ్యక్షుడు. ఒకప్పుడు డెన్‌జిల్‌కీ గ్వెండాకీ పని నేర్పింది కూడా ఆయనే. ఆ ముడి ఎవరిదో చెప్పగలిగితే ఆయనే చెప్పగలడని, ఒంటిగంటా నలభైకి మార్గో ఆయన దుకాణానికి వెళ్ళింది.

దుకాణంలో ఆయన భార్య బెరిల్ ఒక్కతే ఉంది. రెండింటికి రెక్స్ గుర్తుగా అందరూ కలిసి సైకిళ్ళ మీద కొండ దిగుతున్నారు కదా, ఆల్విన్ అక్కడికే వెళ్ళాడని, మొదటి సైకిలు ఆయనదేనని గర్వంగా చెప్పింది. టీ పెట్టమంటావా తల్లీ అని అడిగింది. మార్గో అద్దాల వెనక వేలాడదీసిన మూడు పాత సైకిళ్ళ దగ్గరికి వెళ్ళి, తల ఎత్తి చూస్తోంది. మూడింటికీ ఆరు బ్రేకు తీగలు. ఆరు కొసలూ మూడు పోగుల జడలే.

"ఈ ముడి ఎవరు వేస్తారు?"

"అదా, మా ఆయన ముడి. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడులే, ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఎవరికీ నేర్పడు. పూర్వం గ్వెండాకి ఒక్కదానికి చూపించాడు. ఆ పిల్ల నవ్వేసి, నాకు టంకమే బాగుంది అంది."

గ్వెండా ఆ ఫోటోని రెండు నిమిషాలు చూసింది భయంతో కాదు. మొదటి సెకనులోనే ఆమె ముడిని గుర్తుపట్టింది. మిగిలిన సమయమంతా, ఏం చెయ్యాలా అని ఆలోచించింది.

డెన్‌జిల్ చచ్చిపోయిన పందెంలో ఎవరు గెలిచారని అడిగింది మార్గో. ఇంకెవరు, మా అబ్బాయి నీల్ అంది బెరిల్. అప్పుడు వాడికి ఇరవై. ఆ గెలుపుతోనే సిడ్నీ జట్టులో చోటు దొరికింది. వాళ్ళ నాన్న ఆ పందెం కోసం నిద్ర కూడా పోలేదు అంటూ ఫ్రేములో కట్టిన ఫోటో చూపించింది.

"గ్వెండా ఇవాళ ఇక్కడికి వచ్చిందా?"

బెరిల్ కళ్ళు చెమర్చాయి. వచ్చింది, ఒంటిగంటా ఇరవైకి. ముప్పై ఆరేళ్ళ తర్వాత ఈ గడప తొక్కింది. ఆల్విన్ పాత ఎర్ర సైకిలుని, తండ్రి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలని నీల్ చలికాలంలోనే గ్వెండాకి బాగుచెయ్యమని ఇచ్చాడు. ఊళ్ళో ఆమెకి పని ఇవ్వడం మొదలుపెట్టిన మొదటివాడు నీలే కదా. దాన్ని వ్యానులో వేసుకొచ్చి, పుట్టినరోజు దాకా ఎందుకు, రెక్స్ కోసం ఇవాళ దీని మీదే దిగు ఆల్విన్ అని తన చేత్తో పట్టుకొచ్చి ఇచ్చింది. చుట్టూ పదిమంది ఉన్నారు. ఆయన కాదనలేకపోయాడు.

"ఆయన ఏమీ అనలేదా?"

"మొహం కొంచెం పాలిపోయింది. సంతోషంతో మాట రాలేదనుకున్నా."

పన్నెండూ నలభైకి గ్వెండా స్టేషను నుంచి బయల్దేరింది. షెడ్డుకి నడవడానికి పది నిమిషాలు, దుకాణానికి రావడానికి అయిదు. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు. ఫోర్కు విప్పి, మెడ కోసి, మళ్ళీ బిగించడానికి అంతే పడుతుందని పొద్దున్న గ్వెండాయే తనకి లెక్క చెప్పిన సంగతి మార్గోకి గుర్తొచ్చింది.

* * *

కొండ మీద ఫోన్లు పనిచెయ్యవు. మార్గో కారులో వైర్‌లెస్ పట్టుకుని పిలుస్తూనే కొండ అడుగుకి వచ్చింది. పైన ఉన్న కానిస్టేబుల్ డూలన్ పలకలేదు. దారి ముగిసే చోట జనం చెట్లకింద టీలు తాగుతున్నారు. వాళ్ళకి దూరంగా, బెంచీ మీద గ్వెండా ఒక్కతే కూర్చుని ఉంది. రెండూ ఆరు అయింది.

"ఆ ఎర్ర సైకిలుని ఏం చేశావు?" మార్గో ఆమె ఎదురుగా నిలబడింది.

గ్వెండా తల ఎత్తింది. ఆమె మొహం పొద్దుటికన్నా ప్రశాంతంగా ఉంది. "మా డెన్‌జిల్‌ని ఎలా పంపించాడో అలాగే పంపిస్తున్నా. అదే చోట, అదే లోతు. నా చెయ్యి వణకలేదు సార్జెంటూ. మా అమ్మ చచ్చిపోయేదాకా నా చేతివంట తినలేదు, తెలుసా నీకు? తన కొడుకుని నేనే చంపానని నమ్మి పోయింది. ఆ ముసలాడు ఆవిడ సమాధి దగ్గర నా భుజం తట్టి, నిన్ను నువ్వు క్షమించుకోవాలమ్మా అన్నాడు."

"నువ్వు నాకు చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవారు? డెబ్బై అయిదేళ్ళవాడిని మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి మూడుపూటలా తిండి పెట్టేవారు."

చేతిలోని వైర్‌లెస్ గరగరమంది. డూలన్ గొంతు. ఆల్విన్‌ని ఆపమని, ఆయన్ని ఆ ఎర్ర సైకిలు ఎక్కనివ్వద్దని మార్గో గబగబా చెప్పింది.

"ఆయన ఎక్కలేదు సార్జెంట్," అన్నాడు డూలన్. "మోకాలు నొప్పి అని వ్యాను దగ్గరే ఉండిపోయాడు. అందరికన్నా ముందు నాన్న సైకిలు వెళ్ళాల్సిందే అని నీల్ దాన్ని తీసుకుని బయల్దేరాడు. ముసలాయన వద్దురా వద్దురా అని హ్యాండిలు పట్టుకున్నాడు. ఎందుకు వద్దని నీల్ నాలుగుసార్లు అడిగాడు. అందరూ చూస్తున్నారు. ఆయన నోరు విప్పలేదు. చివరికి చెయ్యి వదిలేశాడు. ఇప్పుడు నేలమీద కూర్చుని ఉన్నాడు, ఎంత పిలిచినా పలకడంలేదు."

"నీల్ ఎప్పుడు బయల్దేరాడు?"

"సరిగ్గా రెండింటికి. వెనక నలభైమంది వెళ్ళారు. ఇక్కడ ఇంకో సైకిలు లేదు."

గ్వెండా లేచి నిలబడింది. ఆమె మొహంలో ఇంతసేపూ ఉన్న ప్రశాంతత ఒక్కసారిగా ఎగిరిపోయింది. మార్గో ఆమె భుజాలు పట్టుకుని కుదిపి, మెడ ఎంత దూరం ఆగుతుందని అడిగింది.

"రాతిమెట్టు దాకా... పదిహేను నిమిషాలు," అంది గ్వెండా. "కానీ అది ఆల్విన్‌కి. ఆయన అరవై కిలోలు. ఆ లెక్కన కోశాను." "నీల్ తొంభై అయిదు."

మార్గో చేతిగడియారం చూసింది. రెండూ ఎనిమిది. అంబులెన్సుకి చెప్పమని జనం వైపు తిరిగి అరిచి, మళ్ళీ ఇటు తిరిగేసరికి బెంచీ దగ్గర గ్వెండా లేదు. కిందికి మాత్రమే దిగాల్సిన ఆ దారిలో పైకి పరుగెడుతోంది. రాళ్ళ మీద పడి లేస్తూ, నీల్, ఆగు నీల్, దిగిపో అని అరుస్తోంది. ఆమె గొంతు అంత పెద్దగా ఉంటుందని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. మార్గో కోటు విప్పి పారేసి ఆమె వెనక పరుగెత్తింది.